స్కాన్ నార్మల్... మరి మాటెందుకు తడబడుతోంది?

*తలకి తగిలిన దెబ్బ వారంలో మానిపోతుంది. చదువులో, మాటలో దాని జాడ మాత్రం నెలల తరబడి ఉండిపోవచ్చు. చిక్కబళ్ళాపుర జిల్లాలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే పిల్లల్లో ఆ జాడ పట్టుకోవడం ఇంకా కష్టం.*

మధ్యాహ్నం భోజనమయ్యాక మొదటి పీరియడ్. బాగేపల్లి తాలూకాలో ఒక హైస్కూలు, తొమ్మిదో తరగతి. సోషల్ సారు బోర్డు మీద రాస్తూనే కన్నడంలో వివరిస్తున్నారు. పిల్లలు వింటూనే నోట్సు దింపుకుంటున్నారు. మూడో బెంచీలో ఒకబ్బాయి పెన్ను మాత్రం మొదటి లైను దగ్గరే ఆగిపోయింది. బోర్డు చూస్తే సారు మాట జారిపోతోంది, మాట వింటే బోర్డు మీది అక్షరం జారిపోతోంది. సారు గమనించి లేపారు. నిన్న చెప్పిందే అడిగారు. జవాబు వాడికి తెలుసు. "అది సార్... ఆ రాజు... అదే సార్..." అని నిలబడిపోయాడు. వెనక బెంచీలో కిసుక్కుమన్నారు. సారుకి కోపం వచ్చింది. మొన్న మొన్నటి దాకా అందరికంటే ముందు చెయ్యెత్తే పిల్లాడు మరి!

సాయంత్రం ఇంట్లో అమ్మ పని చెప్పింది. "అంగడికి పోయి చక్కెర, కొబ్బరి నూనె, అగ్గిపెట్టె తేపో. వచ్చేటప్పుడు చిన్నాయన వాళ్ళింట్లో మన చేట ఉంది, ఎత్తుకొని రా." వాడు చక్కెర ఒక్కటే తెచ్చాడు. "ఏమిరా, మతి యాడ పెట్టినావు? యాపొద్దూ ఆ ఫోన్లోనే ఉంటే ఇంకేముంటుంది తలకాయలో?"

పదిహేను రోజుల కిందట వాడు టీవీఎస్ ఎక్సెల్ మీద టమాటా బాక్సులు వేసుకొని పోతూ హంపు దగ్గర పడ్డాడు. కాసేపు కళ్ళు బైర్లు కమ్మాయి, ఒకసారి వాంతయింది. రెండు కుట్లు పడ్డాయి. స్కాన్ తీయించారు. నార్మల్. "తలకాయికి ఏమీ కాలేదు, దేవుడి దయ" అనుకుని ఇంటికొచ్చేశారు. మర్నాటి నుంచే బడికి పంపారు.

ఈ కుర్రాడు ఒక్కడు కాదు. బాగేపల్లి, చేళూరు, చింతామణి, గుడిబండ వైపు ఇళ్ళల్లో కనిపించే గుర్తుల్ని కలిపి గీసిన బొమ్మ ఇది. అందుకే పేరు పెట్టలేదు. మీకు తెలిసిన పేరు ఏదైనా పెట్టుకోవచ్చు.

పుణెలో దెబ్బ, టీ అంగట్లో తగువు

కంకషన్ అనే ఈ తల అదిరే దెబ్బ గురించి మన దగ్గర నలుగురూ మాట్లాడుకునేది క్రికెట్ పుణ్యమాని. 2025 జనవరి 31న పుణెలో ఇంగ్లండ్‌తో టీ20. శివమ్ దూబే హెల్మెట్‌కి చివరి ఓవర్లో బంతి తగిలింది. ఆయన బదులు దిగిన హర్షిత్ రాణా మూడు వికెట్లు తీశాడు. ఆల్‌రౌండర్ పోయి ఫాస్ట్ బౌలర్ రావడమేంటని ఇంగ్లండ్ కెప్టెన్ బట్లర్ గొడవ పెట్టాడు. ఇలాంటిదే 2020 డిసెంబర్ 4న కాన్‌బెర్రాలోనూ జరిగింది. జడేజా హెల్మెట్‌కి స్టార్క్ బంతి తగిలితే చాహల్ వచ్చి మూడు వికెట్లు పడగొట్టాడు. రెండుసార్లూ మన టీ అంగళ్ళలో తగువంతా నిబంధన గురించే. దెబ్బ తిన్న తల ఎలా ఉందో అడిగినవాళ్ళు తక్కువ.

ఆ నిబంధన ఊరికే రాలేదు. 2014 నవంబర్‌లో ఆస్ట్రేలియా ఆటగాడు ఫిలిప్ హ్యూస్ మెడ దగ్గర బంతి తగిలి చనిపోయాక చర్చ మొదలైంది. 2019 ఆగస్టు 1 నుంచి తల అదిరిన ఆటగాడి స్థానంలో ఇంకొకర్ని దింపడానికి ఐసీసీ ఒప్పుకుంది. నెల తిరక్కుండానే లార్డ్స్‌లో స్టీవ్ స్మిత్‌కి ఆర్చర్ బంతి తగిలింది. పిల్లల తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇక్కడుంది. స్మిత్ కింద పడ్డాడు, లేచాడు, బయట డాక్టర్ పరీక్షల్లో నెగ్గాడు, ముప్పావు గంటలో మళ్ళీ వచ్చి బ్యాటింగ్ చేశాడు. మర్నాడు పొద్దున లేచేసరికి తల బరువుగా, మబ్బుగా ఉంది. ఆటలోంచి తప్పించారు. ప్రపంచంలో అత్యుత్తమ వైద్య బృందాలు పక్కనున్న ఆటగాడికే గుర్తులు ఒక రాత్రి ఆలస్యంగా బయటపడ్డాయి. హంపు దగ్గర పడి దుమ్ము దులుపుకుని లేచిన పిల్లాణ్ణి "బాగున్నావా?" అని ఒక్కసారి అడిగి ఊరుకుంటే ఏం తెలుస్తుంది?

స్కాన్ చూడలేనిది

మెదడు పుర్రెలో నీటి మధ్య తేలుతూ ఉంటుంది. బరువు ఒక కిలో మూడు నాలుగు వందల గ్రాములు. డెయిరీకి పాలు పోసే రైతుకి ఇది వివరించనక్కర్లేదు. బండి ఠక్కున ఆగినా క్యాన్లో పాలు ఆగవు, ఎదుటి గోడకి కొట్టుకుని వెనక్కొస్తాయి. పుర్రె ఆగినా మెదడు ఆగదు. సన్నటి నరాల తీగలు సాగుతాయి, మెలిపడతాయి. కణాల లోపలా బయటా ఉండాల్సిన లవణాలు తారుమారవుతాయి. వాటిని మళ్ళీ సరిచేయడానికి మెదడుకి మామూలు కంటే ఎక్కువ శక్తి కావాలి. సరిగ్గా అప్పుడే దానికి రక్తం సరఫరా తగ్గుతుంది. అవసరం పెరిగి రాబడి తగ్గిన సంసారం అన్నమాట.

సీటీ స్కాన్ రక్తస్రావాన్ని, ఎముక విరగడాన్ని చూపిస్తుంది. అవి లేవంటే అప్పటికి ప్రాణాపాయం లేదని అర్థం. అందుకే స్కాన్ తీయించడం మంచి పనే. కానీ పైన చెప్పిన అదురు దానికి కనిపించదు. "నార్మల్" అన్న మాటని డాక్టర్ ఒక అర్థంలో అంటారు, అమ్మానాన్నలు ఇంకో అర్థంలో వింటారు.

స్పృహ తప్పితేనే పెద్ద దెబ్బ అనుకోవడం ఇంకో పొరపాటు. తల అదిరినవాళ్ళలో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా స్పృహ తప్పరు. పిల్లల్లో ఎక్కువమంది నాలుగు వారాల్లోపే కోలుకుంటారు, అది ధైర్యం చెప్పే మాట. అయితే కెనడాలో మూడు వేలమందికి పైగా పిల్లల్ని గమనించి 2016లో అచ్చువేసిన పరిశోధనలో దాదాపు 30 శాతం మందికి నెల తర్వాత కూడా ఏదో ఒక బాధ మిగిలే ఉంది. వయసొచ్చిన పిల్లలు వాళ్ళలో ఎక్కువ. ఆడపిల్లలు ఇంకా ఎక్కువ.

టీనేజీలోనే ఎందుకు? పనుల్ని వరసలో పెట్టుకోవడం, విన్నదాన్ని కాసేపు తలలో నిలుపుకోవడం, నోటికొచ్చింది అనకుండా ఆపుకోవడం చూసుకునే నుదుటి వెనక భాగం ఇంచుమించు పాతికేళ్ళు వచ్చేదాకా పూర్తిగా తయారవదు. ఆ కట్టుబడి జరుగుతున్నప్పుడే అదురు తగిలింది. సరిగ్గా అదే వయసులో ఎస్సెస్సెల్సీ, పీయూసీ అంటూ చదువు నెత్తిన కూర్చుంటుంది.

> వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన గుర్తులు
>
> తలనొప్పి గంటగంటకీ పెరగడం. మళ్ళీ మళ్ళీ వాంతులు. మూర్ఛ. లేపినా లేవనంత మగత. ఒక కంటిపాప పెద్దది, ఒకటి చిన్నది కావడం. చెయ్యో కాలో పట్టు తప్పడం. ముక్కులోంచి, చెవిలోంచి రక్తం లేదా నీళ్ళలాంటి ద్రవం. మాట ముద్దగా రావడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం.
>
> వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయాలి. "తెల్లవారనీ చూద్దాం" అనకూడదు. భారత జట్టు మాజీ బ్యాట్స్‌మన్ రమణ్ లాంబా 1998 ఫిబ్రవరిలో ఢాకాలో హెల్మెట్ లేకుండా ఫీల్డింగ్ చేస్తూ తలకి బంతి తగిలాక తన కాళ్ళ మీదే నడుచుకుంటూ డ్రెస్సింగ్ రూమ్‌కి వెళ్ళాడు. మూడు రోజుల్లో పోయాడు.

ముద్ద ఎట్ల చేస్తారో చెప్పు

తల అదిరిన పిల్లాడితో రెండు నిమిషాలు మాట్లాడితే ఏ తేడా కనపడదు. "తిన్నావా?" అంటే తిన్నానంటాడు. "నొప్పుందా?" అంటే లేదంటాడు. చుట్టాలు చూసి "బాగున్నాడు కదా" అని వెళ్ళిపోతారు. చిక్కంతా పొడవైన మాటలో, వేగమైన మాటలో, నలుగురి మధ్య మాటలో ఉంటుంది.

మాటల చికిత్స చేసేవాళ్ళు దాన్ని బయటికి లాగే తీరు భలే మామూలుగా ఉంటుంది. ఒక నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలవో చెప్పమంటారు. అంకెలు చెప్పి వెనక నుంచి చెప్పమంటారు. పది మాటలు వినిపించి, ఇంకేదో మాట్లాడి, ఇరవై నిమిషాల తర్వాత ఎన్ని గుర్తున్నాయో అడుగుతారు. ఇంకొకటుంది, తెలిసిన పని ఒకటి వరసగా చెప్పమనడం. మన వైపు పిల్లాణ్ణి రాగి ముద్ద ఎట్ల చేస్తారో చెప్పమంటే చాలు. రోజూ కళ్ళెదుట జరిగే పని అది. బాగున్న పిల్లాడు చెబుతాడు: ఎసరు పెట్టి, నీళ్ళు తెర్లినాక పిండి పోసి, కదపకుండా కాసేపు ఉడకనిచ్చి, తెడ్డుతో గెలికి, చెయ్యి తడి చేసుకుని ముద్ద కట్టాల. తల అదిరిన పిల్లాడు ఇట్లా చెప్పొచ్చు: "పిండి... గెలకాల. ఆ, నీళ్ళు పెట్టాల ముందు. మా అవ్వ బలే కడుతుంది. బస్సారుతో... ఏం చెప్తా ఉన్నా?" పదాలన్నీ సరైనవే. వరస పోయింది, మధ్యలో దారి తప్పింది, తప్పిందని తెలిసి సిగ్గుపడ్డాడు.

బడిలో ఇదే ఇంకో రూపంలో వస్తుంది. ఐదు మార్కుల ప్రశ్నకి జవాబు తెలిసి కూడా మూడు ముక్కలు అటూ ఇటూ రాసి వదిలేస్తాడు. పేరా చదివి మళ్ళీ మొదటి లైనుకి వస్తాడు. ఒంటిగంట దాకా బాగానే ఉండి, ఆ తర్వాత పూర్తిగా అలసిపోతాడు. నిరుడు బడిపిల్లల ప్రతిభా కారంజి పోటీల్లో స్టేజీ ఎక్కి గడగడా మాట్లాడిన పిల్ల ఈసారి పేరివ్వనంటుంది.

స్నేహితుల మధ్య ఇంకా కష్టం. నలుగురు ఒకేసారి మాట్లాడుకునేచోట వీడికి ఒక మాట అర్థమయ్యేసరికి కబుర్లు ఇంకో చోటికి పోయి ఉంటాయి. ఎగతాళిని నిజమనుకుని కొట్లాటకి పోతాడు. నిజాన్ని ఎగతాళి అనుకుని నవ్వుతాడు. మధ్యలో అడ్డు తగులుతాడు, ఎందుకంటే ఆగితే తను చెప్పాలనుకున్నది పోతుందని భయం. పది రోజులు ఇలా జరిగితే స్నేహితులు పిలవడం మానేస్తారు. వీడూ గదిలోంచి బయటికి రావడం మానేస్తాడు. దీన్ని పొగరు అనేవాళ్ళు ఉన్నారు, సోమరితనం అనేవాళ్ళు ఉన్నారు. గాలి సోకిందని తాయెత్తు కట్టించేవాళ్ళు, మురుగమళ్ళ దర్గాకి తీసుకుపోయేవాళ్ళూ ఉన్నారు. దర్గాకి పోవడంలో తప్పు పట్టను. పిల్లాడు మారిపోయాడని వాళ్ళు కనీసం గమనించారు. సోమరి అని తేల్చేసినవాళ్ళ కంటే వాళ్ళే నయం.

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం

2007లో కోలారు నుంచి విడిపోయి ఏర్పడ్డ ఈ జిల్లాలో, ముఖ్యంగా బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో, తెలుగు ఇంటి భాష, సంత భాష, సినిమా భాష. కన్నడం బడి భాష, ఆఫీసు భాష. యోగి కైవారం తాతయ్య రెండింటిలోనూ పాడిన నేల ఇది. పదేళ్ళ పిల్ల కూడా అమ్మతో తెలుగులో మొదలుపెట్టి, పక్కన టీచర్ కనిపిస్తే వాక్యం మధ్యలోనే కన్నడానికి తిరిగిపోతుంది. దానికి పైన ఇంగ్లీషు మీడియం మోజు.

రెండు భాషలుండటం మెదడుకి బలమే. హైదరాబాద్ నిజామ్స్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నప్పుడు డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 2013లో ప్రకటించిన పరిశోధనలో, రెండు మూడు భాషలు మాట్లాడేవాళ్ళకి మతిమరుపు జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా వచ్చినట్టు తేలింది. 2016లో పక్షవాతం రోగుల మీద చేసిన ఇంకో పరిశోధనలో, దెబ్బ తర్వాత కూడా ఆలోచన చెక్కుచెదరనివాళ్ళు ఒక భాషవాళ్ళలో 20 శాతం ఉంటే, ఎక్కువ భాషలవాళ్ళలో 40 శాతం ఉన్నారు. ఇవి పెద్దవాళ్ళ లెక్కలు, తల అదిరిన పిల్లలవి కావు. అయినా బాగేపల్లి పిల్లల రెండు భాషల్ని భారంగా చూసేవాళ్ళకి చెప్పాల్సిన లెక్కలే.

నా దిగులు వేరే. రెండు భాషల మధ్య దెబ్బ దాక్కుంటుంది. ఇంట్లో తెలుగు మాట చిన్నది, అలవాటైంది. సగం వాక్యం పిల్లాడంటే మిగతా సగం అమ్మే పూరిస్తుంది. అందుకని ఇంట్లో లోటు తెలియదు, తెలిసినా ఫోన్ మీదికి పోతుంది. బడిలో సారుకి లోటు తెలుస్తుంది. "ఇంట్లో తెలుగు కదా, కన్నడం అంతంతమాత్రమే" అని ఆయన సరిపెట్టుకుంటారు. నెల కిందట ఇదే పిల్లాడు ఇదే కన్నడంలో బాగా చెప్పేవాడన్న సంగతి అరవైమంది క్లాసులో గుర్తుండాలని లేదు. అమ్మకి తెలిసింది సారుకి తెలియదు, సారుకి తెలిసింది అమ్మకి తెలియదు. ఇద్దరూ పది నిమిషాలు కూర్చుని మాట్లాడుకుంటే చాలావరకు తేలిపోయే విషయమిది.

పరీక్ష చేయించేటప్పుడు కూడా ఇది అడగాలి. పిల్లాడి మాటని ఏ భాషలో పరీక్షించారు? బెంగళూరులో ఇంగ్లీషులోనో కన్నడంలోనో ప్రశ్నలడిగి మార్కులేస్తే, తక్కువొచ్చింది దెబ్బ వల్లనా, భాష వల్లనా? తెలుగులోనూ అడగమని చెప్పడానికి మొహమాటపడనక్కర్లేదు. రెండింటిలోనూ వరస తప్పుతుంటే భాషని నిందించి లాభం లేదు.

హైవే, హంపులు, ఎక్సెల్

బెంగళూరు నుంచి హైదరాబాద్ పోయే 44వ నంబరు జాతీయ రహదారి చిక్కబళ్ళాపుర, బాగేపల్లిల మీదుగా పోతుంది. 2023 అక్టోబర్ 26 పొద్దున చిక్కబళ్ళాపుర దగ్గర పొగమంచులో ఆగి ఉన్న ట్యాంకర్‌ని టాటా సుమో గుద్దుకుని పదిమందికి పైగా చనిపోయారు. అట్లాంటివి పేపర్లో మొదటి పేజీకి వస్తాయి. అదే రోడ్డు పక్క సర్వీసు దారిలో బండి జారి, లేచి, ఇంటికి నడిచిపోయిన పదిహేనేళ్ళ పిల్లాడు ఏ లెక్కలోకీ రాడు.

పదిహేనేళ్ళవాడికి బండెందుకిచ్చారని అడగడం సులభం. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం చాలా గట్టిగానే ఉంది. మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. తెల్లారేసరికి టమాటా మార్కెట్‌కి చేరాలి, పట్టు గూళ్ళు శిడ్లఘట్ట సంతకి పోవాలి, నాన్న తోటలో ఉంటాడు, బస్సు ఎనిమిదింటికి గానీ రాదు. బండి తాళం ఎవరి చేతికి పోతుందో అందరికీ తెలుసు. పోలీసులకీ తెలుసు.

హెల్మెట్ ఉంటే? బండి ప్రమాదంలో తలకి గాయమయ్యే ముప్పు 69 శాతం, చావు ముప్పు 42 శాతం తగ్గుతాయని ప్రపంచమంతటి పరిశోధనల్ని కలిపి వేసిన లెక్క చెబుతోంది. నాలుగేళ్ళు దాటిన ప్రతివారికీ, వెనక కూర్చున్నవాళ్ళకి కూడా, చట్టం హెల్మెట్ పెట్టుకోమంటోంది. పుర్రెని అది కాపాడుతుంది. లోపలి అదురుని పూర్తిగా ఆపలేదు. కాబట్టి హెల్మెట్ ఉన్నవాడు పడినా గమనిస్తూనే ఉండాలి.

బండి ఒక్కటే కాదు. కబడ్డీ కోర్టులో మోకాలు తలకి తగలడం, చింతచెట్టు, మామిడిచెట్టు ఎక్కి జారడం, ట్రాక్టర్ ట్రాలీ మీంచి పడటం. ఆడపిల్లల దెబ్బలు ఇంకా తక్కువగా బయటికొస్తాయి. "తలకి దెబ్బ తగిలిందంటే రేపు సంబంధాలు రావు" అని అమ్మమ్మ అంటే ఆ మాట అక్కడితో ఆగిపోతుంది, వైద్యమూ ఆగిపోతుంది.

హీరోకీ మాట రాలేదు

బాగేపల్లి పిల్లలకి పరిచయం అక్కర్లేని మనిషి సాయిధరమ్ తేజ్. 2021 సెప్టెంబర్ 10న హైదరాబాద్ దుర్గం చెరువు తీగల వంతెన సమీపంలో ఆయన బైక్ జారిపడింది. హెల్మెట్ ఉంది. చాలా రోజులు కోమాలో ఉన్నాడు, నెలకి పైగా ఆసుపత్రిలో ఉన్నాడు. అది మనం చెప్పుకుంటున్న అదురు కంటే చాలా పెద్ద దెబ్బ. తర్వాత ఇంటర్వ్యూల్లో ఆయనే చెప్పుకున్నాడు, మాట సరిగా వచ్చేది కాదని, మళ్ళీ మాట్లాడటానికీ డైలాగు చెప్పడానికీ ఎంతో కష్టపడ్డానని. 2023లో 'విరూపాక్ష'తో తిరిగొచ్చాడు. తెర మీద డైలాగు చెప్పడమే బతుకైన మనిషి అంత సమయం తీసుకుని, అంత సాధన చేసి, దాచకుండా ఒప్పుకున్నాడు. క్లాసులో నోట మాట రాక నిలబడ్డ పిల్లాడికి ఈ కథ చెబితే వంద సలహాల కంటే బాగా ఎక్కుతుంది.

చీకటి గది వద్దు, చెవిలో ఫోన్ వద్దు

ఒకప్పుడు తల అదిరితే చీకటి గదిలో పడుకోబెట్టి, వారాల తరబడి ఏ పనీ చేయనివ్వవద్దనేవారు. ఇప్పుడా మాట మారింది. 2015లో అమెరికాలో 11 నుంచి 22 ఏళ్ళవాళ్ళ మీద చేసిన ప్రయోగంలో, ఐదు రోజులు పూర్తి విశ్రాంతి ఇచ్చినవాళ్ళే ఎక్కువ బాధలు చెప్పుకున్నారు. ఒకటి రెండు రోజులు విశ్రాంతి తీసుకుని మెల్లగా తిరగడం మొదలుపెట్టినవాళ్ళు నయంగా ఉన్నారు. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కలిసిన నిపుణులూ ఇదే అన్నారు. మొదటి 24 నుంచి 48 గంటలు తేలికైన విశ్రాంతి, ఆ తర్వాత నడక, ఇంటి పనులు. తలనొప్పి కొంచెం పెరిగితే తగ్గించుకోవాలి, పూర్తిగా మానేయనక్కర్లేదు.

ఫోన్ విషయంలో మాత్రం అమ్మ తిట్టు సగం నిజం. 2021లో వెలువడిన ఇంకో అమెరికా పరిశోధనలో మొదటి 48 గంటలు తెర చూడనివాళ్ళు మూడున్నర రోజుల్లో తేరుకుంటే, చూసినవాళ్ళకి ఎనిమిది రోజులు పట్టింది. దెబ్బకి కారణం ఫోన్ కాదు. మానడాన్ని ఆలస్యం చేసేది అదే.

> బడికి తిరిగి వెళ్ళేటప్పుడు
>
> ముందు ఇంట్లో పావుగంట చదువు, తర్వాత అరగంట. తలనొప్పి రాకపోతే సగం పూట బడి, తర్వాత పూర్తి పూట. ఆట అన్నిటికంటే చివర, డాక్టర్ ఒప్పుకున్నాకే. మొదటి అదురు మానకముందే రెండో దెబ్బ తగిలితే ప్రమాదం చాలా పెద్దది.
>
> సార్లు చేయగలిగినవి: ముందు బెంచీ. బోర్డు మీది నోట్సుకి పక్క పిల్లాడి పుస్తకం ఇప్పించడం. ఒకసారి ఒక్కటే ప్రశ్న. జవాబుకి పది సెకన్లు ఎదురుచూడటం, మధ్యలో అందించకపోవడం. యూనిట్ టెస్టుని రెండు రోజులకి విడదీయడం. క్లాసులో అందరి ముందూ లేపి అడగకుండా, పక్కన కూర్చుని అడగడం.
>
> ఇంట్లో: మూడు పనులు చెప్పాలంటే చీటీ రాసివ్వడం. విన్నది తిరిగి చెప్పించడం. రాత్రి నిద్ర వేళకి పడేలా చూడటం. తిట్టు కొన్నాళ్ళు వాయిదా.

నాలుగు వారాలు దాటినా మాట, చదువు కుదురుకోకపోతే అక్కడితో వదిలేయకూడదు. చిక్కబళ్ళాపుర జిల్లా ఆసుపత్రికి పోవచ్చు. 2022లో కర్ణాటక ప్రభుత్వం నిమ్హాన్స్‌తో కలిసి మొదలుపెట్టిన బ్రెయిన్ హెల్త్ కార్యక్రమానికి తొలుత ఎంచుకున్న జిల్లాల్లో ఇదొకటి. బెంగళూరు నిమ్హాన్స్ బాగేపల్లికి దాదాపు వంద కిలోమీటర్లు. న్యూరో డాక్టర్లతో పాటు జ్ఞాపకాన్ని, ఆలోచనని పరీక్షించేవాళ్ళు, మాటల చికిత్స చేసేవాళ్ళు అక్కడ ఒకే ఆవరణలో ఉంటారు. మైసూరులో మాట, వినికిడి కోసమే ఉన్న జాతీయ సంస్థ ఉంది. పిల్లాడు దిగులుగా ఉంటే, చావు మాట ఎత్తితే, 14416కి ఫోన్ చేయాలి. ఆ టెలీ మానస్ సేవ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

ఒక పిల్లాడి పేరుతో చట్టం

2006 అక్టోబర్‌లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో పదమూడేళ్ళ జాకరీ లైస్టెడ్ ఫుట్‌బాల్ ఆటలో తలకి దెబ్బ తిన్నాడు. కాసేపు కూర్చుని మళ్ళీ ఆడాడు. ఆట అయ్యాక కుప్పకూలాడు. మొదటి మాట రావడానికి తొమ్మిది నెలలు పట్టింది. 2009 మేలో అక్కడి ప్రభుత్వం వాడి పేరుతో చట్టం తెచ్చింది. తల అదిరిందన్న అనుమానం వస్తే ఆ రోజు ఆట బంద్, డాక్టర్ రాసిస్తేనే మళ్ళీ మైదానం. 2014 నాటికి అమెరికాలోని యాభై రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలు వచ్చేశాయి. సియాటిల్‌లో పిల్లల్ని స్కూలు టీముల్లో చేర్చే మన తెలుగువాళ్ళు కూడా ఏటా ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సిందే. పదిహేడేళ్ళ రోవన్ స్ట్రింగర్ రగ్బీ ఆడుతూ వరస దెబ్బలు తగిలి 2013లో చనిపోయాక, కెనడాలోని ఒంటారియో 2018లో ఆమె పేరుతో చట్టం చేసింది.

మన 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్ని గుర్తించింది. తలకి దెబ్బ తగలడం వల్ల వచ్చే ఆలోచనా లోపం వాటిలో విడిగా లేదు. కాబట్టి పరీక్షలో అదనపు సమయం అడగాలంటే ఇంకేదో పద్దు కింద సర్టిఫికెట్ తేవాలి. రెండు మూడు నెలల్లో మానిపోయే బాధకి ఆ తిరుగుడు ఎవరు తిరుగుతారు? 2023-24 నుంచి కర్ణాటకలో ఎస్సెస్సెల్సీకి, రెండో పీయూసీకి ఏడాదిలో ఒకటికి మించి పరీక్షలు పెడుతున్నారు. మొదటిదానికి ముందు తల అదిరిన పిల్లాణ్ణి రెండోదానికి కూర్చోబెడితే ఏడాది పోదు. ఈ వెసులుబాటు ఇలాంటి పిల్లల కోసం పెట్టింది కాదు, అయినా వాళ్ళకి సరిగ్గా సరిపోతుంది.

చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. డిశ్చార్జి చీటీ అడుగున ఇంగ్లీషులో వారం తర్వాత మళ్ళీ చూపించమని రాసి ఉంటుంది. దాని కింద కన్నడంలో ఇంకో రెండు లైన్లు రాసివ్వమని డాక్టర్ని అడగొచ్చు: ఈ పిల్లాడి తల అదిరింది, నాలుగు వారాలు చదువు మెల్లగా, ఆటలు వద్దు. ఆ చీటీ హెచ్చెంకి చేరితే చాలు. డాక్టర్‌కి తీరిక లేకపోతే అమ్మే వెళ్ళి చెప్పొచ్చు. కన్నడం రాదని వెనకాడనక్కర్లేదు. హెచ్చెం ఎక్కడో హావేరి నుంచి బదిలీ మీద వచ్చినాయనైనా, ఆఫీసులో గుమాస్తా తెలుగువాడే అయ్యుంటాడు.